సిల్వేరాకు సిల్వేరా రాసిన ఉత్తరం

లియోనెల్ సిల్వేరా పని సలహాలివ్వడం. చెప్పేవాడికి వినేవాడు లోకువన్న మాట నిజమైతే, ఆయనంత సుఖమైన ఉద్యోగం ఆ బాదం తోటల లోయలో ఇంకెవరికీ లేదు. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్ళూ చదువుకుని, అక్కడినుంచి యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి దూకే పిల్లలుంటారు. వాళ్ళలో లెక్కలూ సైన్సూ చదవాలనుకునేవాళ్ళకు ఏ క్లాసు ముందో ఏది తరవాతో చెప్పే కౌన్సెలరు ఆయన. ఆయన గది గోడ మీద ఆయనే అచ్చు వేయించిన పోస్టరు ఒకటుంది: "లెక్కలు అందరివీ."

ఆ అందరిలో తాను లేనన్న సంగతి ఆయనకూ దేవుడికీ మాత్రమే తెలుసు. కుర్రతనంలో కలనగణితం రెండో భాగాన్ని సి గ్రేడుతో ఎలాగో గట్టెక్కి, ఆ గట్టు మీదనుంచే ఒక్క పరుగున వెళ్ళి మనస్తత్వశాస్త్రంలో పడ్డాడు. ఎవరైనా అడిగితే "నాకు అంకెలకన్నా మనుషులిష్టం" అంటాడు. అంకెలకు ఆయనంటే ఇష్టం లేకపోయిందన్నది అసలు విషయం.

జనవరిలో, పొగమంచుకి కారు పార్కింగు కూడా కనిపించని ఒక పొద్దున్న, పహువా లోర్ ఆయన గదిలోకి వచ్చి నిలబడింది. సముద్రం అవతలి కొండల్లోంచి వలసొచ్చిన హ్మాంగ్ జాతివాళ్ళ అమ్మాయి. శనివారాలు సంతలో వాళ్ళమ్మతో కూరగాయలమ్ముతుంది, మిగతా రోజులు లెక్కలు చేస్తుంది. తీరంలో ఉన్న యూనివర్సిటీకి గణితం డిగ్రీ కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఇంకా ఒక్కటే క్లాసు బాకీ, లీనియర్ ఆల్జీబ్రా. మాత్రికలనే అంకెల పట్టికలూ, సదిశలూ ఉండే క్లాసు. వేసవిలోపు అది పాసైతేనే సీటు.

"సార్, ఆ క్లాసు తీసేస్తారంటున్నారు. నిజమేనా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. చాలినంతమంది చేరలేదట."

లియోనెల్ ఆమె కళ్ళలోకి చూడలేక కంప్యూటరు వైపు తిరిగాడు. ఎందుకంటే ఆ పిల్ల దాన్ని పోయిన ఆగస్టులోనే తీసుకుంటానంది. ఆయనే వద్దన్నాడు. "ఫిజిక్సుతో పాటు అదీ ఎందుకమ్మా, నిదానమే ప్రధానం, జనవరిలో మొదలయ్యే వసంతం టర్ములో తీసుకో, ఎక్కడికీ పోదు" అన్నాడు. తాను ఏ లెక్కకు భయపడతాడో ఆ లెక్కను ఎదుటివాళ్ళ చేత కూడా వాయిదా వేయించడం ఆయన చేసే మేళ్ళలో ఒకటి. దానికి "విద్యార్థి మీద భారం తగ్గించడం" అని ఒక పేరు కూడా పెట్టాడు.

"నేను చూసుకుంటాను. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. ఆయన నిశ్చింతగా ఉండమన్నప్పుడల్లా పిల్లలకు చింత మొదలవుతుందని ఆయనకు అప్పటికింకా తెలియదు.

డీన్ లొరెట్టా క్విన్ ఏదైనా ముఖం మీదే చెప్పేసే మనిషి. "పదిహేనుమంది లేకపోతే క్లాసు లేదు లియోనెల్. ఇప్పుడు పధ్నాలుగు. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తరవాత నన్ను బతిమాలొద్దు."

ఒక్కడు. ఒక్కణ్ణి తేలేనా అనుకున్నాడు. కలనగణితం రెండో భాగం దాటిన పిల్లలందరికీ ఫోన్లు చేశాడు. ఒకడు "సార్, అది నేను పోయినేడే పాసయ్యాను. మళ్ళీ పాసవమంటారా?" అన్నాడు. ఇంకొకడు ఫోనెత్తి, ఆయన గొంతు వినగానే రాంగ్ నంబరన్నాడు. కెమిస్ట్రీ చదివే ఒకమ్మాయిని కాఫీ కొట్టు దగ్గర పట్టుకుని, మాత్రికల అందం గురించి తనకు తెలిసిందంతా చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "అంత గొప్ప క్లాసైతే మీరే చేరండి సార్" అని కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది.

అది వెటకారమని తెలియడానికి ఆయనకు మనస్తత్వశాస్త్రం అక్కర్లేకపోయింది. కానీ గదికి తిరిగొచ్చి కూర్చున్నాక, ఆ వెటకారమే బుర్రలో ఈగలా తిరగసాగింది. ఉద్యోగులు క్లాసుల్లో చేరకూడదని ఎక్కడా లేదు. ముందు పాసవ్వాల్సిన కలనగణితం ఆయన పాసయ్యాడు, ముక్కుతూ మూలుగుతూ అయినా సరే. మూడో వారంలో తలలు లెక్కపెడతారు. ఆ లెక్క అయిపోతే క్లాసును ఎవరూ ముట్టుకోరు. ఆ తరవాత చల్లగా జారుకోవచ్చు. రికార్డులో "మధ్యలో మానేశాడు" అనే అర్థంతో ఒక్క అక్షరం పడుతుంది. ఈ వయసులో ఆయన రికార్డు ఎవడికి కావాలి?

శుక్రవారం మధ్యాహ్నం డీన్ పదిహేనో పేరు చూసి ఫోను చేసింది. ముందు నవ్వే వచ్చింది, తరవాత మాట. "నీకు పిచ్చెక్కిందా లియోనెల్?"

"విద్యాభిలాష" అన్నాడు.

"అదే అడిగాను" అందామె.

క్లాసు చెప్పేది వార్తాన్ బెద్రోసియన్. ఆర్మీనియన్ వాళ్ళ పెద్దాయన, కోటు జేబులో ఎండు ఆప్రికాట్లు వేసుకుని నములుతూ లెక్కలు చెబుతాడు. మొదటి రోజునే లియోనెల్‌ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏమయ్యా, తనిఖీకొచ్చావా?"

"లేదు, నేర్చుకోడానికే."

"అలాగా. అయితే విను. ఈ గదిలో కౌన్సెలర్లుండరు, విద్యార్థులే ఉంటారు. సిల్వేరా, బోర్డు దగ్గరికి రా."

అలా మొదలైంది ఆయన విద్యాభిలాష. రెండు మాత్రికలను గుణించమంటే ఎదురెదురు అంకెలను గుణించి గర్వంగా పక్కకు జరిగాడు. గదంతా ఒక్క క్షణం జాలిగా నిశ్శబ్దమైపోయింది. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. పక్క కుర్చీలోంచి పహువా మెల్లగా, "అడ్డం వరసతో నిలువు వరసని సార్" అంది.

తలలు లెక్కపెట్టే రోజు వచ్చింది, పోయింది. పదిహేనుమందీ ఉన్నారు. క్లాసు నిలిచింది. ఆ సాయంత్రమే మానేద్దామనుకున్నాడు. కానీ మర్నాడు పహువా ఆయన కోసం పక్క కుర్చీలో సంచి పెట్టి అట్టేపెట్టింది. ఇక రేపు మానేద్దామనుకున్నాడు. బాదం తోటలు పూసి రాలిపోయినా ఆ రేపు రాలేదు. ఇంట్లో భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచి కూర్చుంటే, డెబ్భై తొమ్మిదేళ్ళ వాళ్ళమ్మ తీపి రొట్టె ముక్క పక్కన పెట్టి, "ఏంట్రా, నీకు ఉద్యోగం పోయిందా?" అని అడిగింది.

మొదటి పరీక్షలో నూటికి ముప్పై ఒకటి. రెండోదాంట్లో అందులోంచి కూడా కొంత తగ్గింది. రెండో పరీక్షలో అన్నీ "నిరూపించండి" అనే ప్రశ్నలే. సగం క్లాసు అందులో మునిగింది.

ఆ పరీక్ష పేపర్లు ఇచ్చిన మర్నాడు పొద్దున్న ఆయన కంప్యూటరు తెరిస్తే ఉత్తరమొకటి ఉంది.

"ప్రియమైన లియోనెల్, నీ ప్రయాణంలో చిన్న ఒడిదుడుకు వచ్చిందని గమనించాం. ఏమాత్రం నిరుత్సాహపడవద్దు. నీ లక్ష్యాలకు అనువైన ఇతర మార్గాలను మనం కలిసి అన్వేషిద్దాం. నీ కౌన్సెలరును వెంటనే కలుసుకో. ఆప్యాయతతో, లియోనెల్ సిల్వేరా, కౌన్సెలరు."

రెండో పరీక్షనుంచి, మార్కులు తక్కువొచ్చినవాళ్ళందరికీ కాలేజీ కంప్యూటరు తనంతట తానే పంపే ఉత్తరం అది. రాసింది ఆయనే, ఏళ్ళ కిందట. "ఆప్యాయతతో" అన్న మాట కోసం ఒక పూటంతా కూర్చున్నాడు. డీన్ చదివి "కళ్ళు చెమర్చాయి" అంది. ఆ మాటను ఆయన ఇప్పటికీ మనుషులతో చెబుతుంటాడు.

లియోనెల్ పగలబడి నవ్వాడు. తనను తాను ఎప్పుడు కలవాలో చూసుకోవడానికి క్యాలెండరు కూడా తెరిచాడు. మంగళవారం దాకా తనకు తీరిక లేదు. ఇంకోసారి చదివాడు. ఈసారి నవ్వు రాలేదు. ఒడిదుడుకట. ఏ లెక్క తప్పయిందో ఒక్క ముక్క లేదు. ఎవరి దగ్గరికెళ్ళి నేర్చుకోవాలో లేదు. ఇతర మార్గాలట! అంటే ఏమిటి, మనస్తత్వశాస్త్రమా? ఎవడ్రా ఇది రాసిందని పైకే అన్నాడు.

ఈ ముచ్చట పహువాకు చెప్పి నవ్విద్దామని క్లాసుకు వెళితే పక్క కుర్చీ ఖాళీ. తరవాతి క్లాసుకూ ఖాళీయే. ఫోను చేశాడు, ఎత్తలేదు. అప్పుడు గాని ఆయనకు తట్టలేదు. కౌన్సెలరు కాబట్టి ఆ పిల్ల పేజీ తెరిచి చూసే వీలుంది, చూశాడు. రెండో పరీక్షలో నలభై. ఆయనకు ఉత్తరం వచ్చిన పొద్దున్నే ఆమెకూ వెళ్ళింది. క్లాసు మానేయడానికి ఆఖరి గడువు సోమవారం. మానేస్తే యూనివర్సిటీ సీటు పోయినట్టే.

శనివారం పొద్దున్నే సంతకు వెళ్ళాడు. పహువా వాళ్ళ బల్ల మీద నిమ్మగడ్డీ, కొత్తిమీరా, బఠాణీ చిగుళ్ళూ కట్టలు కట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఊదా రంగు జిగురు అన్నం తింటోంది. ఆయన్ని చూసి పహువా చేతిలో కట్టను అనవసరంగా సర్దింది.

"ఏం కావాలి సార్?"

"నువ్వే కావాలి. క్లాసుకెందుకు రావట్లేదు?"

"పని ఉంది సార్."

"సోమవారం మానేద్దామనుకుంటున్నావా?"

ఆమె ఇంకో కట్ట అందుకుంది. లియోనెల్ దగ్గర ఇలాంటప్పటి కోసం ఒక ఉపన్యాసం ఉంది. కొండలెక్కేవాళ్ళు, పడి లేచేవాళ్ళు అందులో చాలామంది ఉంటారు. నోరు తెరిచాడు గాని, ఆ ఉత్తరం రాసింది కూడా ఈ నోరేనని గుర్తొచ్చి మూసుకున్నాడు. జేబులోంచి తన పేపరు తీసి కొత్తిమీర మీద పెట్టాడు.

"చూడు. ఇరవై ఆరు."

పహువా చూసింది. ఆపుకుందామనుకుంది గాని నవ్వొచ్చేసింది.

"నాకూ ఉత్తరమొచ్చింది" అన్నాడు. "నేనే పంపాను. ఆప్యాయంగా."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఆ ఉత్తరం నాకిది రెండోసారి సార్" అందామె. "మొదటిసారి కాలేజీలో చేరిన కొత్తలో వచ్చింది. అప్పుడు నాకు మీరెవరో కూడా తెలీదు. చదివి, ఇంత మర్యాదగా పొమ్మంటున్నారే, పోదాం అనుకున్నా. రెండేళ్ళు ఈ బల్ల దగ్గరే ఉన్నా."

లియోనెల్‌కు ఆ రెండేళ్ళ గురించి తెలుసు. అంటే, తెలుసనుకున్నాడు. కాలేజీకి ఎవరైనా పెద్దవాళ్ళొస్తే "కుటుంబ బాధ్యతల వల్ల చదువు ఆపేసి కూడా తిరిగొచ్చిన అమ్మాయి" అని ఈమె కథ చెప్పి చప్పట్లు కొట్టించేవాడు. ఆ కుటుంబ బాధ్యత పేరు లియోనెల్ సిల్వేరా అని అతిథులకు చెప్పలేదు, తనకే తెలియదు గనక. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలాంటి వైద్యుడు తాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎంత బాధేసిందంటే, బాధగా ఉందని ఆ పిల్లతో అనడానికి కూడా మొహం చెల్లలేదు.

"పొమ్మని కాదమ్మా, ఉండమనే రాశాను" అన్నాడు చివరికి.

"ఉండమనాలంటే ఉండమనే రాయొచ్చుగా?"

వెనక నుంచి వాళ్ళమ్మ హ్మాంగ్‌లో ఏదో అడిగింది. పహువా జవాబు చెప్పింది. ఆవిడ లేచి వచ్చి పేపరు మీది మార్కులు చూసి, లియోనెల్‌ని చూసి, ఒక గిన్నెలో అన్నం పెట్టి ఏదో అంటూ ఆయన చేతిలో పెట్టింది.

"ఏమన్నారు?" అన్నాడు.

"ఇంత తక్కువ మార్కులొచ్చిన మనిషి పొద్దున్న ఏమీ తినుండడంది."

తినలేదు కూడా. తింటూ నిలబడ్డాడు. పహువా ఆయన పేపరు తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"ఇక్కడ రెండు మాత్రికల్ని అటూ ఇటూ మార్చి గుణించేశారేంటి సార్? జవాబు మారిపోదూ?"

"రెండు మూళ్ళు, మూడు రెళ్ళు ఒకటే కదా అని."

"ఇవి అంకెలు కావు, పనులు. ముందు బనీను వేసుకుని పైన చొక్కా వేసుకోడం, ముందు చొక్కా వేసుకుని పైన బనీను వేసుకోడం ఒకటేనా?"

లియోనెల్ చెంచా గాల్లోనే ఆగింది. మూడు నెలల్లో ఆయన బుర్రలోకి దిగిన మొదటి విషయం అది. ఉత్సాహమొచ్చి, "మరి ఆ నాలుగో ప్రశ్న? స్వతంత్రమైన సదిశలట. అదేంటి అసలు?" అన్నాడు.

ఆమె కొత్తిమీర కట్టొకటి, నిమ్మగడ్డి కట్టొకటి ముందుకు జరిపింది. రెంటిలోంచి కాస్తకాస్త లాగి మూడో కట్ట కట్టింది. "ఈ మూడోది మీకు అమ్మాననుకోండి. ఇందులో కొత్తేముంది? మొదటి రెండూ ఇంట్లో ఉంటే మీరే కట్టుకోవచ్చు. కాబట్టి ఇది స్వతంత్రం కాదు. ఎంత కలిపినా మిగతావాటితో కట్టుకోలేనిదే స్వతంత్రం."

"ఇదే పరీక్షలో రాయలేదేం?"

"ఇది నిరూపణా సార్?" అని ఆశగా అడిగింది.

ఇక్కడ మంచి కౌన్సెలరెవరైనా భుజం తట్టి "అవునమ్మా" అనేవాడు. లియోనెల్ కూడా అనబోయి ఆగాడు. "నన్నడుగుతావేం? నా మార్కులు చూశావుగా. నాకు తెలీదు" అన్నాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అనడం అదే మొదలు. "సోమవారం బెద్రోసియన్‌ని అడుగుదాం. నేనూ వస్తాను. ఒక్కణ్ణే వెళ్ళాలంటే నాకు భయం."

పహువా చాలాసేపు కట్టలు సర్దింది. "మీరు మానేయరా మరి?"

నిజానికి ఆయన మానేసే పత్రం నింపి ఉంచాడు. సోమవారం పొద్దున్న ఒక్క మీట నొక్కడమే తరువాయి. "ఆ ఉద్దేశం ఉండేది" అని ఒప్పుకున్నాడు.

"మీరు మానేస్తే నేనూ మానేస్తా" అంది ఖచ్చితంగా.

ఇరుక్కున్నాడు. మింగలేడు, కక్కలేడు. ఆఖరి పరీక్ష దాకా ఉండాలి, ఊరందరి ముందూ తప్పాలి. "సరే" అన్నాడు. ఆ తరవాత, మొహమాటానికి, అవసరం లేకపోయినా రెండు కట్టల బఠాణీ చిగుళ్ళు కొన్నాడు.

సోమవారం బెద్రోసియన్ ఆప్రికాటు నములుతూ కట్టల సంగతంతా విన్నాడు. "నిరూపణే. కట్టలు తీసేసి అక్షరాలు పెట్టు, మా లెక్కలవాళ్ళు అంతకన్నా గొప్పగా చేసేదేం లేదు" అన్నాడు. పహువా ముఖం చూసి లియోనెల్ కిటికీ వైపు తిరిగాడు. కళ్ళు చెమర్చడమంటే ఇదీ.

ఆ వారమే ఇద్దరూ కూర్చుని ఉత్తరం తిరగరాశారు. పహువా ముందు "ఒడిదుడుకు" కొట్టేసింది, తరవాత "ఇతర మార్గాలు" కొట్టేసింది. "ఆప్యాయతతో" దగ్గర లియోనెల్ కాసేపు పోరాడాడు గాని గెలవలేదు. మిగిలింది ఇంతే: "పరీక్ష పోయింది. నువ్వు మాత్రం పోవద్దు, ఇక్కడే ఉండు. మంగళవారం మధ్యాహ్నం బెద్రోసియన్ గదికి నీ పేపరు పట్టుకుని రా. నా పేపరు పట్టుకుని నేనూ ఉంటాను, అది నీ పేపరు కన్నా అన్యాయంగా ఉంటుంది."

చివర్లో లియోనెల్‌కు ఊపొచ్చి ఇంకో వాక్యం చేర్చాడు. "క్లాసు తప్పితే మళ్ళీ చేరొచ్చు. తప్పితే నేనూ మళ్ళీ చేరతాను."

"చేయలేనిది రాయకండి సార్" అంది పహువా.

"చేస్తానమ్మా" అన్నాడు. వాక్యం అందంగా కుదిరిందని తీసేయబుద్ధి కాలేదు.

మూడో పరీక్ష అయ్యాక ఆ ఉత్తరం వెళ్ళవలసినవాళ్ళందరికీ వెళ్ళింది. ఆయనకూ వచ్చింది. మంగళవారం డీన్‌తో మీటింగు సాగిపోయి, ఆయన ఆలస్యంగా పరుగెత్తాడు. ఎవరొస్తారులే అనుకుంటూ తలుపు తోస్తే గదినిండా పిల్లలు. తెలియని మొహాలు, ఒళ్ళో నలిగిన పేపర్లు. బెద్రోసియన్ మూల కూర్చుని ఆప్రికాట్లు పంచుతున్నాడు. బోర్డు దగ్గర పహువా ఉంది. ఆమెకు ఆ ఉత్తరం రాలేదు, ఆ పరీక్షలో ఎనభై దాటింది. అయినా వచ్చింది.

"ఆలస్యంగా వచ్చారు సార్. వెనక కూర్చోండి" అంది.

వెనక కూర్చున్నాడు. పక్కనున్న కుర్రాడు ఆయన పేపరు చూసి, తన పేపరు చూసుకుని, కాస్త నిటారుగా కూర్చున్నాడు.

మే నెలాఖరులో గ్రేడ్లు వచ్చిన రోజు సంతలోంచి పహువా ఫోను చేసింది. వెనకాల జనం, బేరాలు.

"బి వచ్చింది సార్! పాసయ్యాను! సీటు ఖాయం చేస్తూ యూనివర్సిటీవాళ్ళు కూడా రాశారు!"

లియోనెల్ గదిలో ఎగిరి గంతేశాడు. ఆ వయసులో వేయకూడని గంతు. పక్క గదిలోవాళ్ళు గోడ కొట్టారు.

"మీకేమొచ్చింది సార్?"

"డి. తప్పాను."

ఆ చివర ఎవరికో కొత్తిమీర కట్ట ధర చెప్పి, పహువా మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"అయితే మళ్ళీ చేరాలి మీరు" అంది. "మీరే రాశారు."

"అదీ... వచ్చే ఏడు ఎవరి క్లాసూ ఆగిపోయేలా లేదమ్మా. అప్పుడే పాతికమంది అడుగుతున్నారట. నేను చేరి ఎవర్ని కాపాడాలి?"

"ఎవర్నీ అక్కర్లేదు. లెక్కలు నేర్చుకోండి."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఫోను చెవికి ఆనించుకునే కంప్యూటరు తెరిచాడు. గోడ మీది పోస్టరు వైపు చూడకుండా తన పేరు కొట్టాడు.

"చేరాను" అన్నాడు.

"నా పుస్తకం మా అమ్మ దగ్గర పెట్టి వెళ్తా, వచ్చి తీసుకోండి. అక్కడ అన్నం తినకుండా వెళ్ళిపోతే మీకే నష్టం, తిడుతుంది" అంది పహువా. "ఇంకోటి సార్. బనీను ముందు, చొక్కా తరవాత."